తలుపు అంచున ఉన్న అంకె

అమెరికాలో అరిజోనా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. ఆ డ్యామ్ దగ్గర్నుంచి తూర్పు దిక్కుగా కొండల్లోకి ఎక్కే స్టేట్ రూట్ 68 చూడ్డానికి మామూలు రోడ్డే. కాకపోతే 11.4 మైళ్లలో, అంటే 18 కిలోమీటర్లకు కాస్త పైన, దాదాపు 3,000 అడుగులు ఎక్కేస్తుంది. చుట్టూ చెట్టూ నీడా లేని ఎడారి. వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అక్కడ వార్తే కాదు. పికప్ ట్రక్కులు తయారుచేసే కంపెనీల ఇంజినీర్లకు సరిగ్గా ఇలాంటి చోటే కావాలి. ట్రక్కు వెనక బరువైన ట్రెయిలర్ తగిలించి, ఏసీని ఆఖరిదాకా తిప్పి, కొండ కింద కనీసం 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న ఎండలో పైకి తోలతారు. వేగం ఎక్కడా గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు. కూలెంట్ పొంగకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు, ఏ భాగమూ చెడకూడదు. వెనక రెండేసి టైర్లుండే భారీ ట్రక్కులకు మాత్రం 35 మైళ్లు చాలు.

ఈ పరీక్షను రాసిపెట్టింది ఎస్ఏఈ ఇంటర్నేషనల్ అనే ఇంజినీర్ల సంస్థ. 2008లో జె2807 పేరుతో తెచ్చిన ఆ ప్రమాణంలో డేవిస్ డ్యామ్ ఎక్కుడు ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. 12 శాతం వాలున్న ఎత్తు మీద నిలిచిన బండి, ట్రెయిలర్‌తో సహా, ఐదు నిమిషాల్లో ఐదుసార్లు కదిలి ముందుకు పోవాలి. రివర్సులోనూ అంతే. అదే వాలులో పార్కింగ్ బ్రేకు బండిని కదలకుండా పట్టి ఉంచాలి. చదును రోడ్డు మీద నిలిచిన చోటు నుంచి 60 మైళ్ల వేగం అందుకోవడానికి మామూలు పికప్‌కు 30 సెకన్ల గడువు.

అంతకుముందు ఎవరి పరీక్ష వారిదే, ఎవరి అంకె వారిదే. అమెరికాలో పికప్ అంటే కూలిపనుల బండి మాత్రమే కాదు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అక్కడ అమ్మకాల్లో అన్ని ట్రక్కుల కన్నా ముందుంది. ఇంత పెద్ద బజారులో ‘మాది ఇంత లాగుతుంది’ అనే అంకె బంగారు గుడ్డు. 2011 మోడళ్లతో టొయోటా అందరికన్నా ముందు జె2807 లెక్కకు మారింది. మారగానే దాని టండ్రా ట్రక్కు టోయింగ్ కెపాసిటీ వందల పౌండ్లు దిగిపోయింది. ట్రక్కు మారలేదు, కొలత మారింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్, రామ్ మాత్రం ఎదుటివాడు తగ్గితే చూద్దామన్నట్టు ఆగి ఆగి, 2015 మోడళ్ల నాటికి తమ తేలిక తరగతి ట్రక్కులకు ఈ లెక్కను ఒప్పుకున్నాయి. ఇప్పటికీ ఇది స్వచ్ఛందమే, చట్టం కాదు.

కనుక ఈరోజు ప్రకటనల్లో కనిపించే అంకె అబద్ధం కాదు. అది ఎండనూ ఎత్తునూ తట్టుకుని తేలిన అంకే. చిక్కల్లా ఆ పరీక్షలో ట్రక్కులో ఎవరున్నారన్నది. డ్రైవరూ పక్కన మరొకరూ, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ సామానుకు 70 పౌండ్లు. అంతే. వెనక సీటులో పిల్లల్లేరు, ట్రక్కు తొట్టిలో సైకిళ్లూ ఐసుపెట్టే లేవు.

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వీసా మీద వచ్చిన నాయనమ్మ. వేసవి సెలవుల్లో ట్రావెల్ ట్రెయిలర్ తగిలించుకుని కొలరాడో కొండలకు పోదామనుకున్నారు. డీలర్ దగ్గర ఒక నాలుగు తలుపుల పికప్ నచ్చింది. ఫోర్ వీల్ డ్రైవ్, పైన అద్దపు కప్పు, తోలు సీట్లు. ‘అన్నా, ఇది పదకొండు వేల పౌండ్లు లాగుతుందంట’ అని పక్కింటాయన కూడా అన్నాడు. ట్రెయిలర్ ఖాళీ బరువు బ్రోషర్లో 5,800 పౌండ్లు. లెక్కకు బోలెడంత జాగా ఉన్నట్టే కదా.

ముందు ట్రెయిలర్ సంగతి. బ్రోషర్లో ఉండే ఖాళీ బరువుతో ఏ ట్రెయిలరూ రోడ్డెక్కదు. 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు నింపితేనే 333 పౌండ్లు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, మంచాల మీద పరుపులు, బట్టలు, మడత కుర్చీలు, బియ్యం బస్తా, కుక్కరు, నాయనమ్మ వదలనన్న గ్రైండరు. చూస్తుండగానే 7,200 పౌండ్లకు చేరుతుంది. కిలోల్లో 3,266. అయినా 11,000 కన్నా చాలా తక్కువే.

ఇప్పుడు డ్రైవర్ తలుపు తీసి, తలుపు మూసుకునే అంచున చూడాలి. అక్కడ పసుపు, తెలుపు రంగుల్లో చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించకూడదని పౌండ్లలోనూ కిలోల్లోనూ ముద్రించి ఉంటుంది. దీన్నే పేలోడ్ అంటారు. ప్రకటనలోని అంకె ఆ మోడల్ మొత్తానికి చెందింది. చాలాసార్లు ఎవరూ కొనని, హంగులు లేని, ప్రత్యేకంగా అమర్చిన ట్రక్కుది. స్టిక్కర్ మీదిది మాత్రం ఎదురుగా నిలబడి ఉన్న ఆ ఒక్క బండిది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికి పెట్టిన హంగులతో సహా లెక్కగట్టింది. అద్దపు కప్పు, ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద చక్రాలు, కరెంటుతో దిగే మెట్లు, అన్నీ ఈ అంకెలోంచే తినేస్తాయి. ఖరీదు పెరిగేకొద్దీ మోయగల బరువు తగ్గడం పికప్‌లలో మామూలే.

మన కుటుంబానికి నచ్చిన బండి స్టిక్కర్ మీద 1,600 పౌండ్లు ఉందనుకుందాం. ఈ తరగతికి అది సగటు రకం అంకే. ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. కొంత భాగం హిచ్ బాల్ మీద, అంటే ట్రక్కు వీపు మీద పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 936 పౌండ్లు. ఐదుగురు మనుషులకు 580. బరువును సర్దే హిచ్ పరికరానికి 100. తొట్టిలో సైకిళ్లు, జనరేటర్, ఐసుపెట్టె కలిపి 200. మొత్తం 1,816. ప్రకటన ప్రకారం ఇంకా 3,800 పౌండ్లు లాగొచ్చు. స్టిక్కర్ ప్రకారం ఇప్పటికే 216 పౌండ్లు, దగ్గర దగ్గర ఒక క్వింటాలు ఎక్కువైపోయింది. ఇంజిన్ మీద వేసిన పందెం స్ప్రింగుల, ఇరుసుల, టైర్ల దగ్గర ఓడిపోయిందన్నమాట. ఇంజిన్ లాగలేక ఇంటికి తిరిగొచ్చిన కుటుంబం దొరకడం కష్టం గానీ, వెనక కుంగిపోయిన ట్రక్కులు అమెరికా హైవేల మీద సెలవు రోజుల్లో కొల్లలుగా కనిపిస్తాయి.

టంగ్ వెయిట్ ఇంత తంటా తెస్తే దాన్ని తగ్గించేస్తే పోదా? ట్రెయిలర్ వెనక భాగంలో సామాను నింపితే బాల్ మీద బరువు తేలికవుతుంది. ట్రక్కు సమంగా నిలబడి ముచ్చటగా కనిపిస్తుంది కూడా. ప్రాణం మీదికి తెచ్చే పని ఇదే.

హైవేలో ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు, గాలి దెబ్బకు ట్రెయిలర్ కొద్దిగా పక్కకు ఊగుతుంది. బరువు కేంద్రం దాని చక్రాల కన్నా ముందుంటే టైర్లు ఆ ఊపును అణిచేస్తాయి. రెండు మూడు ఊపుల్లో సద్దుమణుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ అణిచే శక్తి తగ్గుతూ, ఒక వేగం దగ్గర సున్నా అవుతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది, చివరికి తోక తలను ఆడిస్తుంది. బరువు వెనక్కి జరిగితే ఆ ప్రమాదపు వేగం కిందికి దిగొస్తుంది. 70 మైళ్ల మీద రావాల్సిన ఊపు 50 దగ్గరే రావచ్చు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కారు, ట్రెయిలర్ జంటల మీద ప్రయోగాలు చేసి 2009లో ప్రచురించిన పత్రంలోనూ ఇదే తేలింది. ట్రెయిలర్ ముక్కు మీద బరువు, ఇరుసు ఎక్కడుందన్నది, బరువు నడుమన ఉందా రెండు కొసలకూ చెదిరి ఉందా అన్నది నిలకడను బాగా ప్రభావితం చేస్తాయి. ఊపు మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా నొక్కడం తప్పు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డాష్‌బోర్డు మీదున్న కంట్రోలర్ మీటతో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. అప్పుడు ట్రెయిలర్ వెనక్కి లాగి తనను తానే సరిచేసుకుంటుంది.

యూరప్‌లో టంగ్ వెయిట్ ఇంత ఉండదు, ట్రెయిలర్ బరువులో చాలా తక్కువ శాతంతోనే సరిపెడతారు. వేగానికి అక్కడ కళ్లెం ఉండటం దానికి ఒక కారణం. జర్మనీలో కారవాన్ లాగే కార్లకు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే పరిమితి, ప్రత్యేక అనుమతి ఉంటే 100. టెక్సస్ హైవే మీద 70 మైళ్లతో పోయేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు.

ఇక ఆ 936 పౌండ్లు ట్రక్కు మీద ఎక్కడ పడతాయో దగ్గర్నుంచి చూడాలి. బాల్ ఉన్నది వెనక ఇరుసు మీద కాదు, దానికి సుమారు ఐదడుగుల వెనక. రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 12 అడుగులు. కనుక ఇది తులాభారం లెక్క. వెనక ఇరుసు చుట్టూ 936ని ఐదుతో గుణించి 12తో భాగిస్తే 390 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద నుంచి 390 పౌండ్లు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 1,326 పౌండ్లు పడతాయి. చెరకు లోడుతో గట్టెక్కే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పికప్‌లో చక్రాలు లేవవు గానీ స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది. బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకులదే గనుక ఆగే దూరం పెరుగుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి లేస్తాయి. దీనికి విరుగుడే బరువు సర్దే హిచ్. రెండు ఉక్కు కడ్డీలను వంచి బిగించి, బాల్ మీద పడ్డ భారాన్ని కొంత ముందు ఇరుసుకూ కొంత ట్రెయిలర్ ఇరుసులకూ తోస్తుంది. ఇది సమతూకం తెస్తుంది గానీ స్టిక్కర్ మీది అంకెను పెంచదు. హిచ్ అమ్మేవాళ్లు ఈ రెండో సగం అంత గట్టిగా చెప్పరు.

ఇంజిన్‌కు పరీక్ష పెట్టేవి ఎత్తూ గాలీ ఎండా. మన కుటుంబం ట్రక్కు, ట్రెయిలర్, మనుషులు అన్నీ కలిపి 13,600 పౌండ్లు, 6,170 కిలోలనుకుందాం. డేవిస్ డ్యామ్ లాంటి ఎత్తును గంటకు 60 మైళ్ల మీద ఎక్కితే, ఒక్క భూమ్యాకర్షణను జయించడానికే 108 హార్స్ పవర్ కావాలి. టైర్ల రాపిడి, గాలి నిరోధం ఇందులో కలపలేదు. ఈరోజు ట్రక్కుల్లో 300, 400 హార్స్ పవర్ మామూలు కనుక శక్తికి కరువుండదు. కరువల్లా ఇంజిన్ వేడిని బయటికి పంపడం దగ్గర. పెట్రోల్‌లోని శక్తిలో ఉజ్జాయింపుగా మూడోవంతే చక్రాలకు చేరుతుంది, మిగతాది రేడియేటర్ గుండా, పొగగొట్టం గుండా పోవాలి. అందుకే ‘టో ప్యాకేజ్’ అంటే హిచ్ ఒక్కటే కాదు. పెద్ద రేడియేటర్, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్, ఇరుసు గేరు నిష్పత్తి కలిసి వస్తాయి. అదే ఇంజిన్, అదే రంగు, అదే ఊరి డీలర్. ఒక బండిలో ఇరుసు నిష్పత్తి 3.31, పక్క బండిలో 3.73. రెండోదాని టోయింగ్ కెపాసిటీ వేల పౌండ్లు ఎక్కువుండవచ్చు. ప్యాకేజ్ లేని బండికి బయట హిచ్ బిగించినంత మాత్రాన ఆ అంకె రాదు.

గాలిది ఇంకో లెక్క. ట్రావెల్ ట్రెయిలర్ అంటే ఎనిమిదడుగుల వెడల్పు, పది పదకొండు అడుగుల ఎత్తున్న గోడ. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. 55 మైళ్ల నుంచి 65కు పోతే నిరోధం 40 శాతం ఎక్కువ, ఖర్చయ్యే శక్తి 65 శాతం ఎక్కువ. కొన్ని ట్రెయిలర్ టైర్లు 65 మైళ్లకు మించి పోవడానికి తయారైనవి కావన్నది డ్రైవర్లలో కొద్దిమందికే తెలుసు.

కొలరాడో పోయేదారిలో న్యూమెక్సికో సరిహద్దున రటాన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు. డెన్వర్ పడమట ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. సొరంగం దగ్గరికి చేరేసరికి మూడోవంతు హరీ. టర్బో ఇంజిన్ పలచటి గాలిని అదిమి నింపుకుంటుంది కనుక అంతగా నీరసించదు. 2011లో ఫోర్డ్ ఎఫ్-150లో ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ వచ్చినప్పుడు పాత వీ8 అభిమానులు పెదవి విరిచారు గానీ, కొండదారుల్లో ట్రెయిలర్ లాగేవాళ్లు త్వరలోనే అటు తిరిగారు.

ఎక్కడం కన్నా దిగడమే భయం. ఆ 6,170 కిలోలు 3,000 అడుగులు దిగితే 55 మెగాజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. ఇంటి మీటరు లెక్కలో 15 యూనిట్లు. అంతా బ్రేకు డిస్కుల్లోకే పోతే అవి ఎర్రబడి పట్టు వదిలేస్తాయి. కొలరాడోలో ఐ-70 పక్కన, అదుపు తప్పిన లారీలు దూరి ఆగడానికి కంకర పోసిన ఎగుడు దారులు ఉన్నది ఇందుకే. టో మోడ్ నొక్కితే గేర్‌బాక్స్ కింది గేర్లలోకి దిగి ఇంజిన్‌తోనే బండిని వెనక్కి పడుతుంది. డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ పొగదారిని బిగించి అదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. ఎలక్ట్రిక్ ట్రక్కులు మరీ తెలివైనవి, దిగేటప్పుడు ఆ యూనిట్లలో కొన్నింటిని బ్యాటరీలోకి తిరిగి నింపుకుంటాయి. రివియన్ ఆర్1టీ 11,000 పౌండ్లు లాగుతుంది, ఎఫ్-150 లైట్నింగ్ తగిన ప్యాకేజీతో 10,000. లాగే సత్తువకు వంకలేదు. కానీ గోడలాంటి ట్రెయిలర్ తగిలిస్తే ఒక్క చార్జితో పోయే దూరం సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. చాలా చార్జింగ్ కేంద్రాల్లో ట్రెయిలర్‌ను విప్పి పక్కన పెట్టాల్సిన తిప్పలు వేరే.

మనవైపు పికప్ అంటే కూరగాయలూ కోళ్లూ మోసే బండి. వెనక కారవాన్ కట్టుకుని తిరిగే అలవాటు లేదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. ఆస్ట్రేలియాలో అమ్మే డీ-మ్యాక్స్‌కు బ్రేకులున్న ట్రెయిలర్‌తో 3,500 కిలోల టోయింగ్ కెపాసిటీ ఇస్తారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. ట్రక్కు, ట్రెయిలర్ కలిపి మొత్తం ఇంతే ఉండాలన్న హద్దు ఒకటుంది. ఈ తరగతి ట్రక్కులు చాలావాటిలో నిండా లాగితే నిండా మోయడానికి వీల్లేదు.

మళ్లీ డాలస్ కుటుంబం దగ్గరికి. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. హంగులు తగ్గించి, పేలోడ్ ఎక్కువున్న అదే తరగతి బండి వెతకడం ఒకటి. 2,000 పౌండ్ల స్టిక్కర్ ఉన్నవి దొరుకుతాయి, కాకపోతే షోరూమ్‌లో ముందు వరసలో ఉండవు. ట్రెయిలర్‌నే చిన్నది చూసుకోవడం ఇంకోటి. మూడోది పై తరగతికి, అంటే 2500, 250 నంబర్ల ట్రక్కులకు పోవడం. అక్కడా ఒక మోసం పొంచి ఉంది. డీజిల్ ఇంజిన్ బాగా బరువు. ఈ తరగతి ట్రక్కులు చాలావాటికి మొత్తం బరువు హద్దు 10,000 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. హద్దు అదే ఉండి ఇంజిన్ బరువెక్కితే పేలోడే తగ్గుతుంది. బాగా అలంకరించిన డీజిల్ 2500 కన్నా సాదా పెట్రోల్ 2500 ఎక్కువ మోయడం, కొన్ని డీజిల్ బండ్ల స్టిక్కర్ మంచి ఎఫ్-150 దగ్గరికే రావడం ఇందువల్లే. ఏడు వేల పౌండ్ల ట్రెయిలర్‌కు, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలకు, పెట్రోల్ చాలు. ఆ డబ్బుతో మంచి హిచ్, మంచి టైర్లు కొనొచ్చు.

ఏది కొన్నా మొదటి ప్రయాణానికి ముందు తూకం వేయించాలి. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. కొద్ది డాలర్లు ఇస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసులు వేర్వేరుగా తూచి చీటీ ఇస్తారు. నీళ్లు నింపి, అందరూ కూర్చుని, హిచ్ కడ్డీలు బిగించకుండా ఒకసారి. ట్రెయిలర్ విప్పేసి ట్రక్కును మాత్రం మరోసారి. రెండు చీటీల్లో ట్రక్కు ఇరుసుల బరువుల తేడాయే అసలు టంగ్ వెయిట్. అది ట్రెయిలర్ బరువులో 10 శాతం కన్నా తక్కువ తేలితే వెనక అరల్లోని సామాను ముందుకు జరపాలి, 15 దాటితే ముందున్నవి చక్రాల మీదికి సర్దాలి. కడ్డీలు బిగించి మూడోసారి తూచితే ముందు ఇరుసు మీద పోయిన బరువులో ఎంత తిరిగొచ్చిందో తెలుస్తుంది.